మావాడి కోపానికి నోట్‌బుక్కు పెట్టిన కథ

గొడవంతా ఒక జిప్పు దగ్గర మొదలైంది. మావాడికి అప్పటికి మూడేళ్ళ ఎనిమిది నెలలు. ప్రీస్కూల్‌కి టైమ్ అయిపోతోంది, వాడు తలుపు దగ్గర చతికిలబడి స్వెట్టర్ జిప్పు పెట్టుకుంటున్నాడు, అంటే కింద ఉండే ఆ చిన్న ముక్కని అవతలి దాంట్లోకి దూర్చడానికి నాలుక బయటపెట్టి మరీ తంటాలు పడుతున్నాడు, మూడు సార్లు దూరినట్టే దూరి జారిపోయింది. నేను చేతిలో తాళాలు ఆడిస్తూ వాచీ చూసుకుంటూ నించున్నా. నాలుగోసారికి ఇక ఆగలేక వంగి, ఒక్క లాగు లాగి మెడ దాకా పెట్టేసా.

ఒక్క సెకను నా మొహంలోకి చూసాడు, ఏం జరిగిందో అర్థం కానట్టు. తర్వాత జిప్పు కిందకి పీకి, స్వెట్టర్ విప్పి నేలకేసి కొట్టి, "నేనూ! నేను పెట్టుకోవాలీ!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. సరే నువ్వే పెట్టుకో అన్నా, వద్దు. పోనీ నేను పెడతా అన్నా, వద్దు. అసలు స్వెట్టరే వద్దులే అన్నా, అదీ వద్దు. చివరికి చేతికందిన నీళ్ళ బాటిల్ విసిరితే అది తిన్నగా వచ్చి నా పెదవికి తగిలింది, చిట్లి రక్తం వచ్చింది. నేను "నోర్ముయ్!" అని అరిచి చేతి మీద ఒక్కటిచ్చా. గట్టిగానే ఇచ్చా, అబద్ధం ఎందుకు.

అది పొద్దున. సాయంత్రం మా చిన్నది, ఏడాదిన్నర పిల్ల, వాడి బొమ్మ కారు లాక్కుంది. వాడు దాని చెయ్యి పట్టుకుని సరిగ్గా నేను కొట్టిన చోటే, మణికట్టుకి కొంచెం పైన, ఒక్కటిచ్చి "నోర్ముయ్!" అన్నాడు. మాట ఒక్కటే కాదు, నా గొంతు కూడా దించేసాడు, చివర్లో ఆ 'య్' నొక్కి పలకడంతో సహా. నేను సోఫాలో కూర్చుని ఉన్నా, ఏమనాలో తోచలేదు. "కొట్టకూడదురా" అనబోయి ఆగిపోయా, ఏ మొహం పెట్టుకుని అంటాను.

మా ఆవిడ మాత్రం ఒక్క మాట అనలేదు, నన్ను చూసి పిల్లని ఎత్తుకుని లోపలికెళ్ళిపోయింది. ఆ చూపు కంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్లో వెతుకుతుంటే బందూరా అనే సైకాలజిస్టు 1961లో చేసిన ప్రయోగం కనిపించింది, చాలామందికి తెలిసే ఉంటుంది. పెద్దవాళ్ళు ఒక గాలి బొమ్మని కొట్టడం, తిట్టడం చిన్నపిల్లలకి చూపించి, తర్వాత ఆ పిల్లల్ని అదే బొమ్మ ఉన్న గదిలో వదిలితే చాలామంది అవే దెబ్బలు, అవే మాటలు దించేసారట. దానికి ప్రయోగం ఎందుకు, మా ఇంటికొస్తే చూపించేవాణ్ణి.

దీనికి ముందు మేమేం చేయలేదని కాదు, అన్నీ చేసాం, అదే సమస్య. మా అమ్మ "పసివాడు, అడిగిందేదో ఇచ్చెయ్యండర్రా" అంటుంది, ఇచ్చేవాళ్ళం. ఫ్రెండ్ ఒకడు "పట్టించుకోకు, ఏడ్చి ఏడ్చి వాడే ఊరుకుంటాడు" అన్నాడు, రెండు రోజులు పట్టించుకోలేదు. ఇంకొకరు "మొండితనం ఇప్పుడే విరిచెయ్యాలి, లేకపోతే నెత్తికెక్కుతాడు" అన్నారు, అదీ చేసాం, ఫలితం పైన చెప్పా కదా. సోమవారం ఒకలాగా, బుధవారం ఇంకోలాగా, చుట్టాలొస్తే మూడో లాగా. ముఖ్యంగా ఫోన్ విషయంలో ముందు వద్దంటాం, వాడు పావుగంట ఏడుస్తాడు, మాకు ఓపిక అయిపోయి ఇచ్చేస్తాం. మేం వాడికి నేర్పిన పాఠం ఏంటో తర్వాత డాక్టర్ గారు చెప్పేదాకా మాకు వెలగలేదు: "ఐదు నిమిషాలు ఏడిస్తే రాదు నాన్నా, పావుగంట ఏడిస్తే వస్తుంది" అని.

జిప్పు గొడవైన వారానికి పిల్లల డాక్టర్ గారి దగ్గరికెళ్ళాం. నాకైతే లోపల భయంగానే ఉంది, వీడిలో ఏదన్నా తేడా ఉందా అని. ఆవిడ ముందు చెవులు చూసారు, పొట్ట చూసారు, మలబద్ధకం ఉందా అని అడిగారు, నిద్రెంత పోతాడని అడిగారు (మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటలు కావాలట, మావాడికి తొమ్మిది కూడా పడట్లేదు), మాటలు ఎన్ని వచ్చో, చెప్పింది వినిపిస్తుందో లేదో చూసారు. కోపం గురించి అడగడానికొస్తే మలబద్ధకం ఏంటి అనుకున్నా, కానీ ఆలోచిస్తే నిజమే, కడుపు నొప్పితో ఉన్న మూడేళ్ళ పిల్లాడు "నాకు కడుపులో బాలేదు" అనడు, బాటిల్ విసురుతాడు.

తర్వాత ప్రశ్నలు అడిగారు. కోపం వచ్చినప్పుడు తల గోడకి కొట్టుకోవడం, తనని తాను కొరుక్కోవడం లాంటివి ఉన్నాయా? ఊపిరి బిగబట్టి నీలంగా మారడం, స్పృహ తప్పడం? ప్రతిసారీ అరగంట దాకా సాగుతుందా? రోజుకి ఐదారు సార్లు, రోజూ అలాగే ఉంటుందా? ప్రీస్కూల్లో కూడా ఇంతేనా? కోపం లేనప్పుడు మామూలుగా ఆడతాడా, నవ్వుతాడా? వీటిలో మొదటివాటికి అవునంటే, లేదా ఐదేళ్ళు దాటినా తగ్గకుండా పెరుగుతుంటే, ఊరికే చూస్తూ కూర్చోకుండా పిల్లల సైకాలజిస్టుకి చూపించాలన్నారు. మావాడికి అవేం లేవు, నేను "అరగంట పైనే సాగుతుందండీ" అన్నానంతే. ఆవిడ నవ్వి "వాచీ చూసారా?" అన్నారు. చూడలేదు. "అయితే రెండు వారాలు రాయండి" అన్నారు. ఎన్ని గంటలకి, దానికి ముందు ఏం జరుగుతోంది, వాడేం చేసాడు, మీరేం చేసారు, ఎంతసేపటికి తగ్గింది. అంతే, మందులూ మాత్రలూ ఏం లేవు. ఫీజు కట్టి నోట్‌బుక్కు హోంవర్కు తెచ్చుకున్నానని కొంచెం నిరుత్సాహపడ్డా కూడా.

మొదటి వారం నాలుగు రోజులే రాసా. రెండో వారం సిగ్గేసి అన్నీ రాసా. తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక మా ఆవిడా నేనూ పక్కపక్కన కూర్చుని ఆ పేజీలు చూసాం. మొత్తం 31 సార్లు. అందులో 19 సాయంత్రం ఐదున్నరకీ ఎనిమిదికీ మధ్యలోనే! తినకముందు, లేదా నిద్ర ముంచుకొస్తున్నప్పుడు. ఇంకో ఎనిమిది ఏదన్నా ఆట ఆపి వేరే దానికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, స్నానానికో, బయల్దేరడానికో, టీవీ ఆపడానికో. మేం ఇద్దరం గట్టిగా నమ్మిన "అడిగింది ఇవ్వకపోతే చాలు మొదలెడతాడు" అనేది నాలుగంటే నాలుగు సార్లు. అరగంట అనుకున్నవి వాచీ పెట్టి చూస్తే ఎక్కువ శాతం నాలుగు నిమిషాలు, ఆరు నిమిషాలు, ఒక్కటి మాత్రం 17 నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు మనకి అరగంటలా ఎందుకు అనిపిస్తాయో పక్కన నించున్నవాళ్ళకే తెలుసు.

ఈ డైరీ పద్ధతి కొత్తదేం కాదని తర్వాత తెలిసింది. ఫ్లారెన్స్ గుడినఫ్ అనే ఆవిడ 1931లోనే చిన్నపిల్లల కోపం మీద పుస్తకం వేసింది, తల్లుల చేత ఇంట్లో ఇలాగే రాయించి. భోజనం వేళలకి ముందు, ఒంట్లో నలతగా ఉన్నప్పుడు పిల్లలకి కోపాలు ఎక్కువని అందులోనూ తేలింది. దాదాపు వందేళ్ళ కిందట ఎవరో తల్లులు పెన్సిలు పట్టుకుని రాసుకున్నదే మేమూ రాసామన్నమాట, ఎందుకో అది తెలిసాక కొంచెం ధైర్యమొచ్చింది.

ఇంకోటి కూడా బయటపడింది, దీన్ని దాటేద్దామనుకున్నా గానీ రాస్తున్నా. 31లో 20 సార్లు పక్కన ఉన్నది నేను. వాళ్ళమ్మతో ఉండే టైమే వాడికి ఎక్కువ, అయినా గొడవలు నాతోనే ఎక్కువ. "మీరేం చేసారు" అన్న గడిలో నా చేతిరాతతోనే ఉన్నాయి: అరిచాను. అరిచాను. తొందర పెట్టాను. ఫోన్ ఇచ్చాను. అరిచాను.

సాయంత్రాల సంగతి తేలిగ్గానే సర్దుకుంది, అందుకే దాని గురించి ఎక్కువ రాయను. ఐదింటికే ఏదో ఒకటి తినిపించేయడం, రాత్రి నిద్ర గంట ముందుకి జరపడం, అంతే, రెండు వారాల్లో సగానికి సగం తగ్గాయి. ఇంత చిన్న విషయానికి ఇన్ని నెలలు కొట్టుకున్నామా అనిపించింది. ఆట ఆపించే విషయంలో "ఇంకో ఐదు నిమిషాలే" అనడం మానేసాం, ఎందుకంటే ఆ వయసు పిల్లలకి ఐదు నిమిషాలంటే ఎంతో అసలు తెలీదు, వాడికి అది "నాన్న కాసేపట్లో వచ్చి లాక్కెళ్తాడు" అని మాత్రమే. బదులుగా జారుడుబల్ల దగ్గర "ఇంకో మూడు సార్లు జారి వెళ్దాం, లెక్క నువ్వే పెట్టు" అంటే మూడోది జారాక ముఖం మాడ్చుకునైనా వచ్చేవాడు. అప్పుడప్పుడూ రెండున్నర అని బేరం పెట్టేవాడు, అది వేరే సంగతి.

ఫోన్ మాత్రం చుక్కలు చూపించింది. ఇక ఏడిస్తే ఇవ్వం, ఎంత ఏడ్చినా ఇవ్వం అని తీర్మానించుకున్నాం. మొదట్లో ఇంకా పెరుగుతుంది, భయపడకండి అని డాక్టర్ గారు ముందే చెప్పారు, నిన్నటిదాకా పనిచేసిన మంత్రం ఇవాళ పనిచేయకపోతే ఎవరైనా ఇంకొంచెం గట్టిగా చదివి చూస్తారు కదా, అదే. నిజంగానే పెరిగింది, మూడో రోజు 40 నిమిషాలు ఏడ్చాడు. నాలుగో రోజు మేం ఇంట్లో లేనప్పుడు మా అమ్మ ఇచ్చేసింది. నేనొచ్చి గొణిగితే "నీ పట్టుదలలన్నీ ఆఫీసులో చూపించుకో, పసివాణ్ణి ఇలా ఏడిపిస్తార్రా ఎవరన్నా? నిన్నెప్పుడన్నా ఇలా ఏడిపించానా?" అంది. ఏడిపించలేదు నిజమే, కానీ నాన్న కొట్టేవాడు కదమ్మా అన్నా. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "సరే, నేనేం చెయ్యాలో చెప్పు" అంది. మళ్ళీ మొదట్నించి మొదలెట్టాం, ఈసారి తొమ్మిది రోజులు పట్టింది.

అసలు కష్టం కోపం వచ్చేసాక ఏం చెయ్యాలన్నది. నేను చేసే తప్పేంటంటే, సరిగ్గా వాడు నిప్పులు కక్కుతున్నప్పుడే పాఠం మొదలెట్టేవాణ్ణి. ఎందుకలా చేసావ్, అలా చెయ్యొచ్చా, చెల్లికి నొప్పి పుట్టదా, మంచిగా అడిగితే ఇవ్వనా అని ప్రశ్న మీద ప్రశ్న. డాక్టర్ గారు చెప్పింది నా భాషలో చెప్తా: ఆలోచించే, ఆగే, అదుపు చేసుకునే భాగం మెదడులో ముందువైపు ఉంటుంది, అది పూర్తిగా తయారవ్వడానికి ఇరవై దాటి పాతికేళ్ళ దాకా పడుతుంది, మూడేళ్ళ వాడిలో ఇంకా పునాదులే. కోపం ముంచెత్తినప్పుడు ఆ ఉన్న కాస్తా కూడా పనిచేయదు. అప్పుడు నేను చెప్పే నీతులు వాడికి ఇంకో చప్పుడు మాత్రమే.

పొటెగల్ అనే ఒకాయన, ఇంకొంతమందితో కలిసి, ఈ పేచీల మీదే ఏళ్ళ తరబడి పనిచేసాడు, పిల్లల అరుపుల్ని రికార్డు చేసి కూడా విన్నారు. వాళ్ళు చెప్పేదేంటంటే పేచీలో కోపమొక్కటే ఉండదు, ఏడుపు, అంటే బాధ కూడా కలిసే ఉంటుంది. కోపం మొదట్లోనే జివ్వున పైకెళ్ళి దిగిపోతుంది, బాధ మాత్రం మొదట్నించీ చివరిదాకా పారుతూ ఉంటుంది. కోపం దిగాక పిల్లలు ఓదార్పు కోసం చూస్తారు. ఎక్కువ పేచీలు ఐదు నిమిషాల లోపే అయిపోతాయని కూడా వాళ్ళ లెక్క. ఇది చదివాక నేను వాడి ఏడుపుని మొదటిసారి చెవులు పెట్టి విన్నా.

ఒక శనివారం బ్లాకులతో టవర్ కట్టాడు, చిన్నది వచ్చి ఒక్క తన్ను తన్నింది. వాడు దాని మీదకి దూకకముందే నేను మధ్యలోకి వెళ్ళి చేతులు పట్టుకుని "కొట్టనివ్వను" అన్నా, అంతే, ఇంకో మాట లేదు. చిన్నదాన్ని వాళ్ళమ్మ తీసుకెళ్ళింది. వాడు నన్ను తన్నాడు, బ్లాకులు గోడకేసి విసిరాడు, నేను బ్లాకుల పెట్టె కొంచెం దూరం జరిపి బీరువాకి వీపు ఆనించి కింద కూర్చున్నా. నోరు మూసుకుని ఊరికే కూర్చోడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది, నాలుక చివర ఓ పది వాక్యాలు రెడీగా ఉన్నాయి. ముందు కీచు అరుపులు, పైస్థాయిలో, చెవులు గింగురుమనేలా. రెండు నిమిషాలయ్యాక ఆ కీచు విరిగింది, మధ్యలో ఊపిరి పీల్చుకోవడం వినిపించింది, తర్వాత గొంతు కిందకి దిగి "ఊఁ... ఊఁ..." అని మూలుగులా మారింది. ఇదేనా అనుకుని చెయ్యి చాపబోయా, "వద్దూ!" అని మళ్ళీ ఒక కీచు. తొందరపడ్డా. ఇంకాస్త ఆగా. తర్వాత వాడు నా వైపు చూడకుండానే, కూర్చున్న చోట నుంచే పాకుతూ జరుగుతూ వచ్చి, కాలి బొటనవేలు నా మోకాలికి ఆనించి పెట్టాడు. అంతే. మొహం అటే. ఆ బొటనవేలు అలాగే ఓ నిమిషం ఉంది, తర్వాత కాలు, తర్వాత మొత్తం మనిషి ఒళ్ళో పడ్డాడు, జుట్టంతా చెమట. వాచీ చూస్తే ఆరు నిమిషాలు. నేనప్పుడు కూడా పాఠం చెప్పలేదు. పాఠం రాత్రి పడుకునేటప్పుడు చెప్పా, అది కూడా రెండే ముక్కలు, "టవర్ పడిపోతే కోపం వస్తుంది. కోపం రావచ్చు, చెల్లిని కొట్టకూడదు." "మరి ఏం చెయ్యాలి?" అని వాడే అడిగాడు. ఆ ప్రశ్న కోసమే కదా నేనన్ని నెలలు అరిచింది.

అన్నీ ఇంత అందంగా జరగలేదండోయ్. ఫీలింగ్‌కి పేరు పెట్టండి అని ఎక్కడ చూసినా చెప్తారు కదా, నేను వాడు అరుస్తుంటే వంగి, మొహం మెత్తగా పెట్టి "నీకు కోపం వచ్చింది కదా నాన్నా" అన్నా. "రాలేదూ!" అని ఇంకా గట్టిగా అరిచాడు. మూడు రోజులు అదే. పేర్లు నేర్పాల్సింది తుఫానులో కాదు, ఎండ కాసినప్పుడు. స్నానం చేయించేటప్పుడు, నడుస్తున్నప్పుడు, నా గురించే చెప్పడం మొదలెట్టా: "ఇందాక తాళాలు దొరక్క నాకు చిరాకేసింది." మన భాషలో ఎన్ని రకాలున్నాయో అప్పుడే గమనించా, విసుగు వేరు, చిరాకు వేరు, అలక వేరు, ఉక్రోషం వేరు. ఏమీ చెయ్యలేక లోపల ఉడికిపోతూ కన్నీళ్ళతో కలిసి వస్తుందే, అది ఉక్రోషం. జిప్పు రోజు వాడిది కోపం కాదు, ఉక్రోషం. వాడికి ఆ మాట నోరు తిరగదు గానీ "చిరాకు" భలే నచ్చింది, దేనికైనా అదే, చెప్పులకి చిరాకు, వానకి చిరాకు. తర్వాత కోపం ఒంట్లో ఎక్కడ వస్తుందిరా అని ఆటలాగా అడిగితే కాసేపు ఆలోచించి "చేతులు గట్టిగా అయిపోతాయి, ఇక్కడ వేడి" అని ఛాతీ చూపించాడు. నాకు దవడ బిగుస్తుంది అని చెప్పా, చూపించమన్నాడు, చూపించా, పడి పడి నవ్వాడు.

ఇంకో పెద్ద పొరపాటు దిండు. కోపం వస్తే దిండుని గుద్దమని ఎవరో చెప్పారు, లోపల ఆవిరంతా బయటికి పోతుందట. వాడికి బాగా నచ్చింది, దిండు గుద్దుతూ గుద్దుతూ ఇంకా ఊగిపోయి చివరికి చెల్లి బొమ్మ తల పీకాడు. ఇదేంటా అని చూస్తే, బుష్‌మన్ అనే ఆయన 2002లో కాలేజీ స్టూడెంట్ల మీద చేసిన ప్రయోగం ఒకటుంది, కోపం తెప్పించినవాణ్ణి తల్చుకుంటూ బాక్సింగ్ బ్యాగుని గుద్దినవాళ్ళకి కోపం తగ్గలేదు సరికదా, ఊరికే కూర్చున్నవాళ్ళ కంటే ఎక్కువే ఉంది. అది పెద్దపిల్లల మీద చేసింది, చిన్నపిల్లలకి అచ్చం అలాగే అని నేననను, కానీ మా ఇంట్లో దిండు కథ అక్కడితో ముగిసింది.

దాని బదులు ఊదడం. మెల్లగా, పొడుగ్గా ఊపిరి వదిలితే గుండె వేగం తగ్గుతుంది, ఇది పెద్దవాళ్ళకీ పనిచేస్తుంది. కానీ కోపంలో ఉన్న పిల్లాడికి "డీప్ బ్రీత్ తీసుకో" అంటే వాడు మనల్ని కొరుకుతాడు. అందుకని రోజూ పడుకునే ముందు వాడి పొట్ట మీద బొమ్మ ఏనుగుని పెట్టి దాన్ని మెల్లగా పైకీ కిందకీ ఊపాలి, పడిపోకూడదు అని ఆట పెట్టాం. ఇంకోటి సబ్బు బుడగలు, గట్టిగా ఊదితే పగిలిపోతుంది, మెల్లగా ఊదితేనే పెద్దది వస్తుంది. నెల దాటినా కోపంలో ఒక్కసారీ వాడలేదు, ఇది వేస్టు అని మా ఆవిడతో అన్నా కూడా. ఆరో వారంలో అనుకుంటా, ఏదో బొమ్మ ఇరుక్కుపోయి రావట్లేదు, పిడికిళ్ళు బిగిసాయి, ఇక మొదలు అని నేను లేవబోతున్నా, వాడు చటుక్కున ఆగి "నాన్నా నాకు చిరాకొచ్చేస్తోంది" అన్నాడు, ఊఫ్ అని ఒకసారి ఊదాడు, సగం ఉమ్మే వచ్చింది అనుకోండి, కానీ ఊదాడు. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆ బొమ్మ తీసివ్వలేదు, "పట్టుకోనా, నువ్వు లాగుతావా?" అని అడిగా. పట్టుకోమన్నాడు.

నా సంగతి. కోపం రాకుండా ఉండటం నా వల్ల కాదని ఒప్పుకున్నా, వచ్చినప్పుడు పైకి చెప్పడం మొదలెట్టా: "నాకిప్పుడు కోపం పెరుగుతోంది, నీళ్ళు తాగొస్తా." వెళ్ళేవాణ్ణి, నిజంగానే తాగేవాణ్ణి. ఇంట్లో నీళ్ళు బాగా ఖర్చయిన నెల అది. ఆ దెబ్బకి సారీ కూడా చెప్పా, కొన్ని వారాలు ఆలస్యంగా. మా నాన్న నాకెప్పుడూ చెప్పలేదు కాబట్టి ఎలా చెప్పాలో తెలీలేదు, వాడి మంచం పక్కన కూర్చుని "ఆ రోజు జిప్పు అప్పుడు కొట్టా కదా, అది నా తప్పు, నీకు నొప్పి పుట్టింది" అన్నా. వాడు మర్చిపోయుంటాడనుకున్నా. ఏనుగు చెవి నలుపుతూ "లేటయిందని నీకు ఉక్కోసం వచ్చిందా?" అన్నాడు.

మధ్యలో ఒకసారి జ్వరమొచ్చింది, అంతా మొదటికొచ్చింది, బాటిల్ విసరడంతో సహా. పది రోజులు పట్టింది తేరుకోవడానికి. ప్రీస్కూల్లో ఒక పిల్లాణ్ణి తోసాడని టీచర్ గారు పిలిపించారు, బలవంతంగా సారీ చెప్పించకుండా "ఆ బాబుకి ఇప్పుడు ఏం కావాలో అడుగు" అంటే వెళ్ళి అడిగాడట, వాడేమో స్టిక్కర్ కావాలన్నాడట, ఇచ్చొచ్చాడు. ఈ టీచర్ గారి దగ్గర నేను చాలా నేర్చుకున్నా, అదంతా రాస్తే ఇది తెమలదు.

ఇప్పుడు వాడికి నాలుగేళ్ళ పది నెలలు. పేచీలు వారానికి ఒకటో రెండో, అవీ ఎక్కువగా నిద్రకి ముందే. జిప్పు తనే పెట్టుకుంటాడు, నేను చేతులు వెనక్కి కట్టుకుని నించుంటా, పది నిమిషాలు ముందు బయల్దేరుతున్నాం అంతే తేడా. నోట్‌బుక్కు ఎప్పుడో ఆపేసా గానీ సొరుగులోనే ఉంది. పోయిన వారం వాడు అది తవ్వి తీసుకొచ్చాడు, ఇదేంటి అన్నాడు, నీకు కోపం వచ్చినప్పుడల్లా రాసుకున్నా అని చెప్పా. పేజీలు తిప్పి తిప్పి చూసి, "నిన్న నువ్వు ఫోన్లో అరిచావు కదా, అది రాయి" అన్నాడు. పెన్ను కూడా తెచ్చిచ్చాడు. రాసా. ఎన్ని గంటలకి? ఏడుంపావు. "ముందు ఏమయింది?" అని వాడే అడిగాడు, నేను ఆలోచిస్తుంటే వాడే చెప్పాడు, "నువ్వు అన్నం తినలేదు."